దాచిన వరుసలు

చిక్కడపల్లి,
ఆగస్టు 3

నాగేందర్ అన్నకు,

త్రివేణి నమస్కారాలు. గుర్తున్నానో లేదో. నారాయణగూడ డయాలసిస్ సెంటర్‌లో ఇప్పుడు మీ సీట్లో కూర్చుంటున్నది నేనే. పని వదిలి వెళ్లేముందు రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని అంతా నేర్పారు, ఫోన్ నంబర్ మాత్రం ఇవ్వకుండా వెళ్లిపోయారు. సెంటర్‌లో రాసి ఉన్న మీ పాత నంబర్‌కు చేస్తే సుల్తాన్ బజార్‌లో చీరల కొట్టాయన ఎవరో ఎత్తి, "నాగేందర్ ఎవ్వరు లేరమ్మా, చీరలు గావాల్నంటె రా" అంటున్నాడు. మీ పాత సెలవు చీటీ మీద మంథని అడ్రస్ దొరికింది. అందుకే ఈ ఉత్తరం. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటే అని మా అత్తమ్మ ఒకటే నవ్వు. నవ్వనీ.

అసలు సంగతి మీ ఫైలు. అన్నా, దానితో నాకు పిచ్చెక్కిపోతోంది. ఎవరి వంతు ఏ రోజు, ఏ పూట, ఏ మెషిన్, అన్నీ మీరు తయారు చేసిన ఆ ఒక్క షీట్‌లోనే ఉన్నాయి కదా. పేర్లు మార్చి సేవ్ నొక్కానో లేదో, తెర మొత్తం తెల్లబడిపోతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది. ఒక్కోసారి దానంతటదే తేరుకుంటుంది, ఒక్కోసారి ఎంతకీ కదలదు. బలవంతంగా మూసి మళ్లీ తెరిస్తే నేను కొట్టినవాటిలో కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. ఏవి ఉన్నాయో, ఏవి పోయాయో వెతుక్కోవడంతోనే పొద్దు గడిచిపోతోంది.

మన ట్రస్టు సెక్రటరీ విద్యాసాగర్ గారి రూలు మీకు తెలిసిందే. ప్రింటయిన లిస్టులో పేరుంటేనే మెషిన్ ఎక్కించాలి, పెన్నుతో రాసిన పేరు చెల్లదు. సిఫారసుల మీద దూరేవాళ్లను ఆపడానికి పెట్టిన రూలే, మంచిదే. మరి ఫైలే మింగేసిన పేరుకు దిక్కెవరు? మొన్న సమ్మక్క అనే పెద్దావిడ లోయర్ ట్యాంక్ బండ్ నుంచి ఆటోలో వస్తే లిస్టులో ఆమె పేరు లేదు. నర్సు మంజుల నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. ఆ పూట ఇంకొకాయన రాలేదు కాబట్టి, ఆ చోట ఆమె పేరు కొట్టి మళ్లీ ప్రింట్ తీస్తే సరిపోయింది. వచ్చి ఉంటే ఏం చేసేదాన్ని? ఒంట్లో నీళ్లు నిండి కాళ్లు ఉబ్బిన మనిషిని రేపు రమ్మని ఎలా పంపను?

ఇంకోటి కూడా ఉంది. అవినాష్ అని ఒక అబ్బాయి, మీరు వెళ్లాక చేరాడు. అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతున్నాడు. ఇంత చిన్న వయసులో రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, గురువారాలు అతని వంతు. వచ్చే నెల ఒక ఆదివారం పరీక్ష ఉందట. "అక్కా, గా వారం గురువారం తీసి జర శుక్రవారం వెడ్తవా? హాల్ల కూసున్నప్పుడు దమ్ము రావొద్దు" అని అడిగాడు. పరీక్ష మధ్యలో ఆయాసం వస్తుందని భయం. డాక్టర్ గారు సరేనన్నారు, నేనూ మాటిచ్చాను. ఈలోగా ఫైలుకు పట్టిన రోగం ఏమిటో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఉంటాను,
త్రివేణి


మంథని,
ఆగస్టు 11

చెల్లె త్రివేణికి,

ఉత్తరం అందింది. నన్ను వెతికి పట్టుకుని రాసినందుకు సంతోషం. ఇక్కడ మా అక్క ఇంట్లో ఉంటూ ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాస్తున్నాను. ఫోన్ పెట్టుకోవడం మానేశాను. సెంటర్‌లో ఉన్నన్నాళ్లు అది మోగిందంటే ఎవరికో ఏదో అయిందనే. ఇప్పటికీ పక్కవాళ్ల ఫోన్ మోగితే లేచి నిలబడతాను.

ఫైలు సంగతి. ముందు దాన్ని అందరూ వాడే ఫోల్డర్‌లోంచి తీసి నీ కంప్యూటర్ మీదే పెట్టుకుని పని చెయ్యి. సాయంత్రం పని అయ్యాక ఒక కాపీ అక్కడ వెయ్యి. నర్సుల గదిలోని కంప్యూటర్ అదే సమయంలో ఫైలు తెరిచి ఉంచితే రెండూ పెనుగులాడుకుంటాయి. తనంతట తాను సేవ్ అయ్యే ఏర్పాటును ఆపేసెయ్యి. తాత్కాలిక ఫైళ్లు పేరుకుపోయి ఉంటాయి, వాటిని ఖాళీ చెయ్యి. ఇంకో సంగతి ఎవరికీ తట్టదు. ఆ కంప్యూటర్‌లో ఇప్పటికీ స్టోర్ రూమ్ ప్రింటర్ పేరే మొదట ఉంటుంది. సేవ్ చేసిన ప్రతిసారీ అది ఆ ప్రింటర్‌ను పలకరించి చూస్తుంది. దాని పేరు తీసి నీ గదిలోని ప్రింటర్ పేరు పెట్టు. సేవ్ నొక్కాక మౌస్ ముట్టుకోవద్దు. తొందరపడి నొక్కిన కొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది.

షీట్‌లో అడుగున కొన్ని వరుసలు దాచి ఉంటాయి. పాత లెక్కలు. వాటి జోలికి పోకు. ఫార్ములాలన్నీ వాటికి అల్లుకుని ఉన్నాయి, కదిపితే మొత్తం పాడైపోతుంది.

ఆ అబ్బాయి ఎవరి కొడుకో గానీ పరీక్ష బాగా రాయాలి. మంజులను అడిగినట్టు చెప్పు.

నాగేందర్


చిక్కడపల్లి,
ఆగస్టు 22

నాగేందర్ అన్నకు,

మీ ఉత్తరం చదివి నవ్వు ఆగలేదు. ఆ స్టోర్ రూమ్ ప్రింటర్‌ను ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారట! లేనిదాన్ని పట్టుకుని ఈ పిచ్చి కంప్యూటర్ రోజూ "ఉన్నావా, ఉన్నావా" అని అడుగుతోందన్నమాట. దాని పేరు తీసేశాను. మీరు చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేశాను. వారం రోజులు హాయిగా నడిచింది. మంజులకు టీ కూడా తాగించాను మీ పేరు చెప్పి. మళ్లీ మొదలు. నిన్న తెల్లబడిన తెర అలాగే ఉండిపోతే, ఎదురుగా పేషెంట్లు లైన్లో నిలబడి నన్నూ దాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ దాచిన వరుసలు. పక్కన అంకెలు చూస్తే అరవై ఎంతో అయ్యాక ఒక్కసారే ఐదు వందలు దాటిపోతోంది. మన సెంటర్‌కు వచ్చేవాళ్లే అరవై మంది. ఇన్ని పాత లెక్కలు ఎందుకు? నాకేమో బరువంతా అక్కడే ఉందనిపిస్తోంది. అవును అంటే అవును అనండి, తీసేస్తాను. కాదంటే ఊరుకుంటాను. ఫైలు చేసింది మీరు, మీ మాట కాదని నేను ముట్టుకోను.

అవినాష్ సంగతి చెప్పాలి. ఒక చేయి మెషిన్‌కు, ఇంకో చేతిలో కరెంట్ అఫైర్స్ పుస్తకం. నాలుగు గంటలూ నోరు మూయడు. ఏ నది ఎక్కడ పుట్టింది, ఏ చట్టం ఎప్పుడు వచ్చింది అంటూ మంజులను సతాయిస్తాడు. ఆమె చెప్పలేకపోతే సమ్మక్కను అడుగుతాడు. ఆవిడ అతన్ని కలెక్టర్ సాబ్ అని పిలుస్తుంది. "నాకు నౌకరొస్తె ఫస్టు నీ కంప్యూటర్ మార్పిస్త అక్కా" అన్నాడు నాతో. దాహమేస్తే గ్లాసు నీళ్లు కూడా తాగకూడదు కదా పాపం, మంచు ముక్క నోట్లో వేసుకుని చప్పరిస్తూ చదువుకుంటాడు. వాళ్ల నాన్న హుస్నాబాద్ దగ్గర ఊళ్లో వ్యవసాయం. ఈ పరీక్ష ఒక్కటి రాస్తే చాలంటాడు. ఆ శుక్రవారం వంతు మాత్రం తప్పకూడదు అన్నా. నాకు అదొక్కటే భయంగా ఉంది.

త్రివేణి


మంథని,
ఆగస్టు 30

చెల్లె త్రివేణికి,

కారణం అవి కాదు. నేను చేసిన ఫైలు, నాకు తెలుసు. ఆ వరుసలు అలాగే ఉండనీ.

వంతులకు వేసిన రంగుల నియమాలు ఎక్కువై ఉంటాయి. రంగులు తీసేసి చూడు. కంప్యూటర్‌ను రోజూ ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వెయ్యి. ముఖ్యమైన మార్పు చేసినప్పుడు సేవ్ అయ్యాక ఫైలు మూసి, మళ్లీ తెరిచి, కళ్లతో చూసుకో. ఆ అబ్బాయి పేరు రెండుసార్లు చూసుకో.

ఇక్కడ వానలు ఎక్కువగా ఉన్నాయి. మిల్లులో పని తక్కువ.

నాగేందర్


చిక్కడపల్లి,
సెప్టెంబర్ 18

నాగేందర్ అన్నకు,

అవినాష్ చనిపోయాడు. ఆదివారం సాయంత్రం.

ఎవరికైనా చెప్పకపోతే నాకు పిచ్చి పట్టేలా ఉంది. మీరు ఆ ఫైలు తెలిసినవారు, మీకే అర్థమవుతుంది. బుధవారం అతను నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ముందు గురువారం లిస్టులోంచి అతని పేరు తీసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చి సేవ్ చేశాను. అయింది. తర్వాత శుక్రవారం సాయంత్రం పూటలో అతని పేరు కొట్టి సేవ్ నొక్కాను. తెల్లబడింది. అతను ఎదురుగానే నిలబడి ఉన్నాడు. "అయ్యిందా అక్కా?" అన్నాడు. తెర మీద అతని పేరు మసగ్గా కనబడుతూనే ఉంది. "అయింది పో, పోయి చదువుకో" అన్నాను.

తర్వాత బలవంతంగా మూసి మళ్లీ తెరిచాను. మీరు చెప్పారు కదా, కళ్లతో చూసుకోమని. చూశాను అన్నా. గురువారం చూశాను. అతని పేరు పోయి ఉంది. హమ్మయ్య, మార్పు ఎక్కింది అనుకున్నాను. శుక్రవారం చూడలేదు. రెండుసార్లు చూడమన్నారు, నేను ఒకసారి కూడా సరిగ్గా చూడలేదు.

శుక్రవారం నేను సెలవు. అత్తమ్మకు కళ్ల పరీక్ష ఉంటే తీసుకెళ్లాను. సాయంత్రం పూటలో ఒక చోటు ఖాళీగా కనబడితే ఇంకొకరి పేరు వేసి, లిస్టు మంజుల ప్రింట్ తీసింది. అతను పుస్తకం పట్టుకుని వచ్చాడట. "లిస్టుల నీ పేరు లేదు తమ్మీ, మెషిన్లన్ని నిండినయ్, నేనేం జెయ్యాలె" అందట. నాకు ఫోన్ చేద్దామంటే "వద్దక్కా, ఆమె ఇంట్ల పనిల ఉంటది, సోమవారం వస్త తియ్" అని వెళ్లిపోయాడట. గొడవపడే పిల్లాడు కాదు. కొంచెం గట్టిగా అరిచి ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసేవాళ్లు. శనివారం నేను డ్యూటీకి వచ్చాను, మంజుల సెలవు. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పరీక్ష బాగా రాయాలని మాత్రం మనసులో దండం పెట్టుకున్నాను.

పరీక్ష రాశాడు. పూర్తిగా రాశాడట. హాస్టల్‌కు వచ్చి మెట్లెక్కుతూ ఊపిరి అందక కూర్చుండిపోయాడు. పక్క గది పిల్లలు ఆటోలో వేసుకుని పరిగెత్తారు. దారిలోనే అయిపోయింది.

మంజుల ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. రూలు ప్రకారమే చేశావు, నీ తప్పేమీ లేదని విద్యాసాగర్ గారు ఆమెకు చెప్పారు. నాకు ఏమీ చెప్పలేదు.

త్రివేణి


చిక్కడపల్లి,
సెప్టెంబర్ 23

నాగేందర్ గారికి,

మీ జవాబు రాలేదు. దాని కోసం ఆగడం లేదు.

మొన్న అందరూ వెళ్లాక ఫైలుకు కాపీ తీసి, దాచిన వరుసలన్నీ తెరిచాను. పాత లెక్కలన్నారు. అందులో లెక్కలేవీ లేవు. అందరూ మనుషులే. ఈ సెంటర్‌కు వచ్చి చనిపోయిన ప్రతి మనిషీ అందులో ఉన్నాడు. పేరు, ఊరు, పోయిన తేదీ, ఒక్కొక్కరికి ఒక ఫోటో. ఆ ఫోటోలు ఎంత పెద్దవంటే ఒక్కొక్కటి తెరుచుకునేలోపు నాకు కళ్లు నొప్పి పుట్టాయి. అన్నిటికంటే ఘోరం ఏమిటో తెలుసా? మీ ఫార్ములాలు వాళ్లకు ఇంకా నడుస్తున్నాయి. చనిపోయిన వాళ్లందరికీ ఆ ఫైలు ఇప్పటికీ వచ్చే వారం వంతు లెక్క కడుతోంది. నేను సేవ్ నొక్కిన ప్రతిసారీ వందల మందికి వంతులు కట్టి, ఆ తర్వాత బతికున్నవాళ్ల దగ్గరికి వస్తోంది. ఓపిక లేక మధ్యలో ఆగిపోతోంది.

భాగ్యశ్రీ. భర్త పేరు నాగేందర్. వచ్చే గురువారం, పొద్దుటి పూట, నాలుగో మెషిన్. మంజులను అడిగితే చెప్పింది. మీ భార్య ఇక్కడే డయాలసిస్ చేయించుకునేదని, అలాగే మీరు ఈ పనిలో చేరారని, ఆమె పోయాక కూడా ఏడాది పాటు ఇక్కడే ఉన్నారని. నాకు తెలియదు. తెలిస్తే ఇంకాస్త మెత్తగా అడిగేదాన్నేమో.

ఆ కాపీలో దాచిన వరుసలన్నీ తీసేసి సేవ్ నొక్కాను. చక్రం కనబడనే లేదు. అప్పటికే అయిపోయింది. మొత్తం పాడైపోతుందన్నారు, ఏదీ పాడైపోలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ అయిపోయింది. ఇంకోసారి నొక్కి తల బల్ల మీద పెట్టుకుని ఏడ్చాను.

మీకు మొదటి ఉత్తరానికే తెలుసు. నేను పేరు పెట్టి అడిగినప్పుడూ తెలుసు. "కారణం అవి కాదు" అని ఎలా రాయగలిగారు? ఆ పిల్లాడి సంగతి చదివాక కూడా! నేను చూసుకోకపోవడం నా తప్పే, దానికి నేను ఎవరినీ అడ్డం పెట్టుకోను. కానీ మీరు అవును అని ఒక్క ముక్క రాసి ఉంటే అతను ఆ శుక్రవారం మెషిన్ మీద ఉండేవాడు.

రేపటి నుంచి ఆ కాపీతోనే పని. మీ అనుమతి అడగడం లేదు.

త్రివేణి


మంథని,
సెప్టెంబర్ 30

త్రివేణికి,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది అందినప్పుడే రాయాల్సింది. కాగితం ముందు పెట్టుకుని కూర్చుని లేచిపోయాను.

నీకు జవాబు కావాలి కాబట్టి రాస్తున్నాను. చేరిన కొత్తలో ఒకాయన చనిపోతే ఆయన వరుస తీసేశాను. ఆయన పక్క మెషిన్ మీద ఉండే పెద్దాయన అప్పుడే కౌంటర్ మీద వంగి తెర చూస్తున్నాడు. స్నేహితుడి పేరు మాయమవడం కళ్లారా చూశాడు. "గంతేనా బిడ్డా?" అన్నాడు. ఆ తర్వాత రెండు వంతులు రానే లేదు, ఇంటికెళ్లి బతిమాలి తీసుకొచ్చాను. అప్పటి నుంచి ఎవరినీ తీసేయలేదు, దాచడమే. ఒకే పేరున్నవాళ్లు కలిసిపోకుండా ఫోటోలు పెట్టాను, అవీ తీయలేదు. ఫైలు బరువెక్కుతోందని తెలుసు.

తర్వాత భాగ్య పోయింది. ఆమె వరుస కూడా దాచాను. ఒక శనివారం తెరిచి చూస్తే ఆమెకు వచ్చే వారం వంతు పడి ఉంది. దాచినవాళ్లెవరికీ ఫార్ములా ఆపలేదని అప్పుడే తెలిసింది. ఆపాలని చేయి పెట్టాను, ఆపలేదు. ఇక ప్రతి శనివారం తెరిచి, ఏ రోజు వచ్చిందో చూసి, మళ్లీ దాచి ఇంటికి వెళ్లేవాడిని. ఇంట్లో ఎవరూ లేరు. ఆమెకు ఇంకా వంతు వస్తోందంటే అదొక ధైర్యంగా ఉండేది. ఇది పిచ్చి అని నాకే తెలిసి పని మానేశాను. కానీ ఫైలును మాత్రం అలాగే వదిలి వచ్చాను.

నువ్వు అడిగినప్పుడు, నిజం చెబితే ఆమెను తీసేస్తావని భయపడ్డాను. అంతకు మించి ఏమీ లేదు. ఒక ప్రాణం మీదికి వస్తుందని ఊహించలేదు అని రాయాలని ఉంది, కానీ అది అబద్ధం. నువ్వు ఆ అబ్బాయి గురించి రాశావు, నేను చదివాను. పోయిన మనిషిని ఉంచుకోవడానికి బతికున్న పిల్లాడిని పోగొట్టాను.

పాత ఫైలు కూడా తీసెయ్. నా కోసం దాచిపెట్టకు. ఖాళీ చేసి, చెత్తబుట్టలోంచి కూడా తీసెయ్.

నాగేందర్


చిక్కడపల్లి,
అక్టోబర్ 8

నాగేందర్ అన్నకు,

పాత ఫైలు తీసేశాను. మీ కోపమో నా కోపమో, ఇప్పుడు రాసేది దాని గురించి కాదు.

నిన్న అవినాష్ వాళ్ల నాన్న మొగిలయ్య గారు వచ్చారు. హాస్టల్ గది ఖాళీ చేసి, మిగిలిన మందులు, వాడని సూదులు సంచిలో వేసుకుని వచ్చారు. ఎవరికైనా పనికొస్తాయని. కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు జోడించి, "మీరు మంచిగ జూస్కున్నరు మావోన్ని. వాడే ఆగం జేస్కున్నడు. పరీక్ష పిచ్చిల మిషన్ ఎగ్గొట్టిండు. ఏం అనుకోవద్దు" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. ఆ శనివారం ఇంటి నుంచి ఫోన్ వస్తే, మమ్మల్ని ఎవరూ ఏమీ అనకూడదనో, వాళ్లు కంగారు పడతారనో, "పరీక్ష అయినంక చేపిచ్చుకుంట నాయినా" అన్నాడట. వాళ్లు అదే నిజమనుకున్నారు. తల్లి ఈ రోజుకీ కొడుకును తిడుతూనే ఏడుస్తోందట. మాకన్న నీకు పరీక్ష ఎక్కువైందారా అని.

విద్యాసాగర్ గారు పక్కనే ఉన్నారు. నాకు కళ్లతోనే సైగ చేశారు, ఊరుకోమని. ట్రస్టు మీదికి కేసు వస్తుందని ముందే చెప్పి ఉంచారు. నేను ఊరుకోలేకపోయాను అన్నా. మొత్తం చెప్పాను. గురువారం పేరు తీసింది నేనని, శుక్రవారం పేరు ఫైల్లో ఎక్కలేదని, ఎక్కిందో లేదో చూడకుండానే అయింది పొమ్మన్నది నేనేనని.

ఆయన నా ముందుకు ఒక అడుగు వేశారు. కొడతారేమో, కొడితే బాగుండు అనుకున్నాను.

"అంటె మావోడు ఎగ్గొట్టలేదా?" అన్నారు.

"లేదు. వచ్చిండు. పుస్తకం పట్టుకోని వచ్చి గీడనే నిలవడ్డడు. మేమే పంపిచ్చినం" అన్నాను.

"వచ్చిండా?" అని మళ్లీ అడిగారు. మంజులను కూడా అడిగారు. ఆమె తలూపింది. ఆయన అక్కడే గోడకు ఆనుకుని, జేబులోంచి ఫోన్ తీసి భార్యకు చేశారు. "ఏమే, పిలగాడు మిషన్ కాడికి పోయిండటనే. పోయిండట. ఇగ వాన్ని తిట్టకు" అన్నారు. అవతల ఆమె ఏమందో వినబడలేదు. ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అలాగే ఏడ్చారు.

నన్ను తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. వెళ్లేటప్పుడు ఒక్కటే అడిగారు. "గా కంప్యూటర్ ఎందుకు ఆగింది బిడ్డా?" అని. అది చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నారు, ఆయన రాస్తారు అన్నాను.

ఈ నెలాఖరుతో నన్ను పని మానుకోమన్నారు. అది నేను చూసుకుంటాను. మొగిలయ్య గారి అడ్రస్ వెనక పేజీలో రాశాను. ఆయనకు చదవడం రాదు. అవినాష్ చెల్లెలు పదో తరగతి చదువుతోంది, ఉత్తరం ఆ పిల్లే ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తుంది. ఆమెకు అర్థమయ్యేలా రాయండి.

త్రివేణి